పసుపు లైటు వెంట జహనుమా దాకా

పాతబస్తీలో మూడు రోజులుండి చార్మినార్ చూడకుండా తిరిగొచ్చాను. మా ఊళ్లో ఈ మాట చెబితే నవ్వుతున్నారు. గాజులు తెచ్చావా, అత్తరు తెచ్చావా అని అడిగారు. నేను తెచ్చింది గుడ్డలో కట్టిన ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా. అదెందుకు తెచ్చానో చెప్పాలంటే ముందు మా బండి సంగతి చెప్పాలి.

కల్వకుర్తిలో నాకూ మా బామ్మర్ది నర్సింహకూ కలిపి పశువుల దాణా దుకాణం ఉంది. పత్తి చెక్క, పల్లి చెక్క, తవుడు అమ్ముతాం. సరుకు తిప్పడానికి చిన్న పెట్రోలు పికప్ బండి ఒకటి ఉంది. కొని తొమ్మిదేళ్లయింది. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇన్నేళ్లూ దాన్ని నడిపింది సాయిలు ఒక్కడే.

ఎనిమిది నెలలుగా ఆ బండి మీటరు పక్కన ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతోంది. వారం రోజులకు దానంతటదే ఆరిపోతుంది. మళ్లీ వెలుగుతుంది. మా ఊరి మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, సైలెన్సర్ గొట్టం దగ్గరుండే సెన్సర్ మార్చాడు. లైటు తీరు మారలేదు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. కట్టెకోత మిషన్ దగ్గర దుంగల చుట్టుకొలత పట్టి ఘనపుటడుగులు చెప్పే పనిలో లెక్క నేర్చుకున్నాను. బావికి ఎన్ని ఇటుకలు పడతాయో, గుంత పూడ్చడానికి ఎన్ని ట్రాక్టర్ల మొరం కావాలో అడగడానికి ఇప్పటికీ జనం నా దగ్గరకు వస్తారు. బండికి కూడా రెండు నోటుబుక్కులు పెట్టాను. ఆకుపచ్చది పెట్రోలుది. ఏ రోజు ఎన్ని లీటర్లు, మీటరు మీద ఎంత, లీటరుకు ఎంత వచ్చింది. ఎర్రది లైటుది. ఎప్పుడు వెలిగింది, మీటరు మీద ఎంత, లోడు ఎంత, ఎండా మబ్బా, ఎక్కుడా దిగుడా. చివరి గడి పేరు కారణం.

ఆకుపచ్చ పుస్తకం ప్రకారం లీటరుకు 15.2 కిలోమీటర్లు ఇచ్చే బండి ఈ ఎనిమిది నెలల్లో 13.1కి దిగింది. ముప్పై లీటర్ల టాంకుకు నాలుగు లీటర్ల పైచిలుకు ఎక్కడికో పోతోందని అర్థం. ఈ లెక్కను నేను ఒకరోజు దుకాణంలో పైకి చదివాను. దొంగతనం అన్న మాట నేను అనలేదు. నర్సింహ అన్నాడు. సాయిలు అక్కడే తవుడు సంచులు దించుతున్నాడు.

మా గల్లాపెట్టె వెనక గోడకు ఒక మేకు ఉంది. బండి తాళంచెవి రాత్రిపూట దానికి వేలాడుతుంది. పొద్దున ఆరింటికి సాయిలు వచ్చి తీసుకుంటాడు. ఆ రోజు సాయంత్రం తాళంచెవి తగిలిస్తూ ఆయన నాతో అన్నాడు: “జహనుమాల ఖాజా భాయ్ అని ఒక మిస్త్రీ ఉన్నడు సారూ. నా కండ్ల ముంగట బండి ఇప్పిపిద్దాం. తప్పు నాదని తేలితే గీ తాళంచెవి గీ మేకుకే తగిలిచ్చి పోత. మల్ల రాను.”

కారణం తేల్చడానికి నర్సింహ శనివారం దాకా గడువు పెట్టాడు. మేం బుధవారం పాతబస్తీలోని జహనుమాకు బయల్దేరాం.

కడ్తాల్

బయల్దేరే ముందు మా ఊరి బంకులో టాంకు నింపించాను. ఊళ్లో ఉంటే పెట్రోలు నేనే దగ్గరుండి పోయిస్తాను. ప్రతిసారీ ఒకే మట్టానికి నిండితేనే మైలేజీ లెక్క కచ్చితంగా వస్తుంది. బండిలో లచ్చమ్మక్కకు ఇవ్వాల్సిన పది సంచుల చెక్క ఉంది. గౌలిపురలో ఉండే ఈ లచ్చమ్మక్క పాలు అమ్ముతుంది. మా దుకాణానికి పాత గిరాకీ. రెండు రాత్రులు వాళ్లింట్లోనే మా పడక.

ఆమన్‌గల్ దాటాం. మామూలుగా సాయిలు దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఎవరి పొలంలో బోరు పడింది, ఎవరి బర్రె ఈనింది. ఆ రోజు చెప్పలేదు. కడ్తాల్ దగ్గరికి వచ్చేసరికి, బంకు నుంచి ముప్పై నాలుగో కిలోమీటరులో, లైటు వెలిగింది.

“రాసుకోండ్రి సారూ” అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. రాసుకున్నాను. ఎర్ర పుస్తకంలో అది ఇరవై ఏడోది.

కడ్తాల్‌లో ఆగి మిర్చి బజ్జీలు తిన్నాం. నాలుగు ముప్పై రూపాయలు, చాయ్ పది. పాతబస్తీలో చాయ్ ఇరవై, కానీ గ్లాసు కాదు, సాసర్‌తో కప్పు ఇస్తారు. కొలిచి చూస్తే తొంభై మిల్లీలీటర్లకు మించదు. మా దగ్గర గ్లాసు నూట పది. ఆ లెక్కన వాళ్ల చాయ్ మన దానికి రెండింతల కన్నా ఎక్కువ ధర. చిక్కదనాన్ని లెక్కలోకి తీసుకుంటే మాత్రం వాళ్లదే చవక.

సైదాబాద్

మా ఊరి మెకానిక్ సైదాబాద్‌లో స్కానర్ పెట్టి చూసే షాపు ఒకటి చెప్పాడు. ముందు అక్కడికి వెళ్లాం. షాపు ముందర బండి ఆపే చోటు లేక వీధి చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. ఐదోసారి ఒక ఆటో కదిలితే ఆ సందులో దూర్చాం. ఆ దూర్చడంలో ఎడమ అద్దం పక్కనున్న కరెంటు స్తంభానికి తగిలి పగులు పట్టింది. సాయిలు దిగి, పగులును బొటనవేలితో తడిమి, నా వైపు చూసి, మళ్లీ ఎక్కాడు.

షాపతను స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి చేతిలోని పలక చూసి రెండు నిమిషాల్లో చెప్పాడు. ఇంజనుకు గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ అందుతోందట. ఎందుకు అందుతోంది అని అడిగాను.

“ఏమైంది అనేదే మిషన్ చెప్తది అంకుల్. ఎందుకైంది అనేది చెప్పది” అన్నాడు. ఇంజెక్టర్ కావచ్చు, పెట్రోల్ కల్తీ కావచ్చు, నడిపే తీరు కావచ్చు అని మూడు వేళ్లు మడిచాడు. మూడో వేలు మడుస్తున్నప్పుడు సాయిలు బయట స్తంభం వైపు చూస్తున్నాడు.

అతను ఏదో నొక్కితే లైటు ఆరిపోయింది. ఐదు వందలు తీసుకున్నాడు. ఆరిపోయిన లైటుకు ఐదు వందలా, తెలుసుకున్న సంగతికి ఐదు వందలా అని నాకు అనుమానం. తెలుసుకున్నదైతే ఎక్కువేం కాదు. పెట్రోలు ఎక్కువ పోతోందన్నది నా లెక్కతో కలిసింది. అయితే ఎక్కువ పెట్రోలు ఇంజనులోకే పోతుంటే, సాయిలు దొంగతనంగా తీసుకునేది ఏమిటి? ఈ ప్రశ్న నాకు అక్కడే రావాల్సింది. రాలేదు.

గౌలిపుర

లచ్చమ్మక్క ఉండే గల్లీ వెడల్పు ఆరడుగుల ఒక అంగుళం. టేపు పెట్టి చూశాను. అద్దాలు మడిస్తే మా బండి ఐదడుగుల రెండంగుళాలు. మిగిలే పదకొండు అంగుళాల్లో ఒక పక్క మురుగు పారే మోరీ ఉంది. సాయిలు దాంట్లోంచి బండిని వెనక్కి తీసుకెళ్లాడు, ఎక్కడా రాయించకుండా. తాడు తెంపుకున్న ఒక బర్రె ఎదురొచ్చి బండి తొట్టిలో రాలిన చెక్క పొడి నాకడం మొదలుపెట్టింది. దాని కడుపు నిండేదాకా బండి కదల్లేదు. పదమూడు నిమిషాలు.

లచ్చమ్మక్కకు అరవై దాటాయి. ఆ గల్లీలో ఒకప్పుడు ఇంటింటికీ బర్రెలుండేవట. ఇప్పుడు మూడిళ్లకే ఉన్నాయి. ఆమెకు నాలుగు. మమ్మల్ని చూడగానే కాళ్లకు నీళ్లిచ్చింది. కంచాలు పెట్టి జొన్నరొట్టె, పచ్చిపులుసు, కోడిగుడ్డు వేపుడు వడ్డించింది. మొదటి రొట్టె సాయిలు కంచంలో వేసింది, రెండోది నాకు. మా ఇళ్లల్లో ముందు దుకాణం యజమానికి వేస్తారు, తర్వాత డ్రైవరుకు. సాయిలు మీద పడ్డ మాట ఆమె చెవిన కూడా పడిందని అర్థమైంది.

సాయంత్రం పాలకోసం వచ్చేవాళ్లను చూస్తూ అరుగు మీద కూర్చున్నాను. గిన్నె తెచ్చుకున్నవాళ్లు, స్టీలు డబ్బా తెచ్చుకున్నవాళ్లు, పక్క గల్లీ నుంచి బురఖాలో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు. కొందరు తెలుగులో, కొందరు ఉర్దూలో అడుగుతారు. ఆమె ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే తిడుతుంది, రాత్రి పాల గిన్నె కడగకుండా తెచ్చారని. కొలత పోశాక ప్రతి గిన్నెలోకీ ఇంకో చిన్న వంపు వంపుతుంది. అదే కొసరు. చిన్న వంపు నలభై మిల్లీలీటర్లు అనుకుంటే, వచ్చినవాళ్లు ముప్పై ఒక్కరు. పూటకు లీటరుంబావు ఊరికే పోతోందని ఆమెకు లెక్క చెప్పాను.

“కొసరు పొయ్యకుంటే అది పాలమ్ముడు గాదు తమ్మీ, మందుల దుకాణం” అంది.

జహనుమా

గురువారం పొద్దున ఫలక్‌నుమా దగ్గరి హోటల్లో ఖిచ్డీ తిన్నాం. పసుప్పచ్చటి కిచిడీ మీద నువ్వులు, చింతపండు కలిపిన పుల్లటి ఖట్టా పోసి, అప్పడం పెట్టి ఇస్తారు. డెబ్బై రూపాయలు. పొద్దున్నే అన్నం వంటిది తినడం మాకు అలవాటు లేదు. అయినా మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి కాలేదు. ఇడ్లీతో పోలిస్తే గంటకు పడే ఖర్చు తక్కువే.

ఖాజా భాయ్ షెడ్డు జహనుమాలో ఒక మసీదు వెనక సందులో ఉంది. రేకుల కప్పు, రెండు బండ్లు పట్టే చోటు. మనిషి బక్కపలచన. కళ్లద్దాలు తాడుతో మెడకు వేలాడుతుంటాయి. సాయిలు మేనమామ ఒకప్పుడు నడిపిన లారీకి ఈయనే మిస్త్రీ అట.

మా ఊళ్లో బండి మెకానిక్ దగ్గరికి పోతే మాట్లాడేది యజమాని. డ్రైవరు పక్కన నిలబడతాడు. ఇక్కడ పద్ధతి వేరు. నేను ఎర్ర పుస్తకం తీసి తెరవబోతే ఖాజా భాయ్ గోడ పక్కన బెంచీ చూపించాడు.

“జర కూసోండ్రి సాబ్. పుస్తకం యాడికి పోదు. పహలే నడిపేటాయన చెప్పాలె.”

చాయ్ తెప్పించాడు. సాయిలును ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాడు. బండి బానెట్ తెరవలేదు, తాళం అడగలేదు. యాభై నిమిషాలు అడిగిందంతా సాయిలునే. పొద్దున స్టార్ట్ చేస్తే మొదటి దెబ్బకే అందుకుంటుందా, రెండో గేరులో వణుకుతుందా, ఎక్కుడులో దమ్ము తగ్గుతుందా, పొగ రంగేమిటి, వాసన ఉందా. అడిగినదానికి సాయిలు ఆగి, గుర్తు చేసుకుని చెబుతున్నాడు. తొమ్మిదేళ్లలో ఆ బండి గురించి ఆయన అంతసేపు మాట్లాడగా నేను వినలేదు.

ఒకచోట ఆయన అన్నాడు: “పెట్రోల్ వాసనైతే ఉన్నది భాయ్. ఎన్కదిక్కు. పోయించిన దినం మస్తుగొస్తది, తర్వాత తగ్గుతది.”

నా ఎర్ర పుస్తకంలో ఆరు గడులున్నాయి. వాసనకు గడి లేదు.

తర్వాత ఖాజా భాయ్ బండిలో సాయిలు పక్కన కూర్చున్నాడు. నన్ను వెనక తొట్టిలో కూర్చోమన్నారు. చెక్క పొడిలో కూర్చుని ఇంజన్ బౌలి దాకా వెళ్లొచ్చాను. లైటు రాలేదు. మళ్లీ వెళ్లాం. రాలేదు. అప్పటికి మధ్యాహ్నం కావస్తోంది, గురువారం. సైదాబాద్ కుర్రాడు నొక్కిన దానితోనే బాగైపోయిందేమో అనుకున్నాను. అలా అయితే కారణం ఎప్పటికీ తేలదు. తేలకపోతే నర్సింహ దగ్గర నిలిచేది 13.1 ఒక్కటే.

సాయిలు కూడా అదే లెక్క వేసుకున్నట్టుంది. “వెలగాల్నంటె వెలగదు, ఏం జేస్తం భాయ్” అన్నాడు మెల్లగా.

ఖాజా భాయ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “ఫికర్ జెయ్యకు. డాక్టర్ను జూస్తె నొప్పి దాసుకునే పేషంట్లు నాకు శానామంది తెలుసు. పోండ్రి, పెట్రోల్ పోయిద్దాం. మీరు రోజు యెట్ల పోయిస్తరో అట్లనే. నేను లేననుకోండ్రి.”

బంకు

నా పద్ధతి ఇక్కడ చెప్పాలి. గొట్టం పెట్టి నొక్కితే టాంకు నిండుతున్నప్పుడు టక్ మని దానంతటదే ఆగుతుంది. అది ఒక్కో బంకులో ఒక్కో మట్టం దగ్గర ఆగుతుందని నేను గమనించాను. అర లీటరు దాకా తేడా వస్తుంది. అందుకే టక్ అన్నాక కొంచెం కొంచెంగా మళ్లీ పోయిస్తాను. టాంకులో గాలి బుడగలుంటే లెక్క తప్పుతుంది కాబట్టి సాయిలు తొట్టి పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపుతాడు. బుడగలు పోతాయి, ఇంకొంచెం పడుతుంది. మూతి అంచున పెట్రోలు కంటికి కనిపించేదాకా పోయిస్తాను. దానికి మించిన కచ్చితమైన మట్టం లేదు.

ఫలక్‌నుమా బంకులో అలాగే చేశాం. టక్ అన్నప్పుడు మీటరు 8.35 చూపించింది. నేను ఆపొద్దన్నాను. సాయిలు ఊపాడు. 8.9. మళ్లీ ఊపాడు. 9.4. వెనక మూడు ఆటోలు హారన్ కొడుతున్నాయి. బంకు మనిషి విసుక్కున్నాడు. “అన్నా, టాంకుల పోస్తున్ననా, రోడ్డు మీద పోస్తున్ననా, జర చెప్పు.” 9.62 దగ్గర అంచు కనబడింది. ఆపించి, ఆకుపచ్చ పుస్తకంలో రాసుకున్నాను.

ఖాజా భాయ్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. బండి వెనక్కి వెళ్లి చక్రం పక్కన వంగి ఒకసారి వాసన చూశాడు. వచ్చి సాయిలు పక్కన కూర్చున్నాడు. “నడుపు. లైటొచ్చేదాక నడుపు” అన్నాడు.

బండ్లగూడ వైపు వెళ్లి తిరిగి వస్తుండగా పంతొమ్మిదో కిలోమీటరులో లైటు వెలిగింది. తొట్టిలో ఉన్న నాకు తెలియలేదు. వెనక అద్దంలోంచి సాయిలు కళ్లు నా వైపు చూసినప్పుడు తెలిసింది.

రెండు నోటుబుక్కులు

షెడ్డుకు వచ్చాక ఖాజా భాయ్ జాకీ పెట్టి బండి కింద దూరాడు. దూరేముందు అడిగాడు, ఇప్పుడు పుస్తకాలు తియ్యండి అని. ఎర్రది సాయిలు చేతికి ఇమ్మన్నాడు. ఆకుపచ్చది నన్ను పట్టుకోమన్నాడు. లైటు వెలిగిన కిలోమీటరు సాయిలు చదవాలి. దానికి ముందు పెట్రోలు పోయించిన కిలోమీటరు నేను చదవాలి. తాను కింద నుంచి వింటాడట.

ఎనిమిది నెలలుగా ఆ రెండు పుస్తకాలూ నా సంచిలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి నేను ఒక్కసారి కూడా చదవలేదు.

“1,09,212” చదివాడు సాయిలు.

“1,09,190” అన్నాను. ఇరవై రెండు.

“1,09,634.”

“1,09,603.” ముప్పై ఒకటి.

“1,10,018.”

“1,10,000.” పద్దెనిమిది.

నాలుగోదానికే నాకు తెలిసిపోయింది. లోడూ ఎండా ఎక్కుడూ అన్నీ మారుతున్నాయి, ఈ ఒక్కటి మారడం లేదు. ఏదీ నలభై ఐదు దాటలేదు. ఆకుపచ్చ పుస్తకంలో మూడుసార్లు మాత్రం పెట్రోలు పోయించాక లైటు వెలగలేదు. తేదీలు చూశాను. ఒకసారి నాకు జ్వరం, రెండుసార్లు మా పెద్దమ్మ కూతురు పెళ్లి పనుల మీద అచ్చంపేటలో ఉన్నాను. ఆ మూడుసార్లూ పెట్రోలు పోయించింది సాయిలు. ఊపేవాడు లేడు, ఊపమనేవాడు లేడు. టక్ అనగానే ఆపించాడు.

అప్పటికి సాయిలు కిలోమీటరు ఒక్కటే చదవడం మానేసి వరుస మొత్తం చదువుతున్నాడు. “1,15,847. లోడు ఆరు క్వింటాళ్లు. మబ్బు. దిగుడు. కారణం,” అని ఒక్క క్షణం ఆగి, “సాయిలు” అన్నాడు.

ఆ గడిలో మొదట్లో ఎండ అని, లోడు అని, ఎక్కుడు అని ప్రశ్నార్థకాలు పెట్టి రాశాను. మైలేజీ తగ్గిన లెక్క తేలాక మిగతా వరుసల్లో ఆయన పేరు రాశాను, దానికీ ప్రశ్నార్థకం పెట్టి. పదకొండు వరుసలు. పుస్తకం ఇంకొకరు చదువుతారని అనుకోలేదు.

బండి కింద పానా చప్పుడు ఆగింది. “కిలోమీటర్లు సదివితె సాలు భాయ్” అన్నాడు ఖాజా భాయ్.

“ఉన్నది సదవాలె గద భాయ్” అన్నాడు సాయిలు. తర్వాతి వరుస కూడా అలాగే చదివాడు. “1,16,255. లోడు లేదు. ఎండ. కారణం, సాయిలు.” పదకొండూ చదివాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. నా వంతు వచ్చినప్పుడల్లా నేను నా అంకె చదివాను.

ఖాజా భాయ్ బయటికి వచ్చి అరచేతిలో ఒక నల్ల డబ్బా పెట్టాడు. దాన్ని ఆయన కోయ్లా డబ్బా అంటాడు. లోపల బొగ్గు ఉంటుంది. టాంకులో పుట్టే పెట్రోలు ఆవిరిని ఆ బొగ్గు పీల్చుకుని, బండి నడిచేటప్పుడు మెల్లగా ఇంజనుకు ఇస్తుంది. అది ఆవిరి కోసం పెట్టింది. టాంకులో పైన ఖాళీ ఉంటేనే ఆవిరి అందులోకి పోతుంది. అంచుదాకా నింపి ఊపితే పోయేది ఆవిరి కాదు, పెట్రోలే. తడిసిన బొగ్గులోంచి ఇంజను పెట్రోలే తాగుతుంది. అప్పుడు లైటు వెలుగుతుంది. డబ్బా ఆరేదాకా లైటు ఆరదు.

నేను నమ్మాను. కానీ తూచకుండా ఉండలేకపోయాను. ఎదురుగా పాత సామాను దుకాణంలో ఇలాంటిదే ఇంకో డబ్బా ఉంది. ఆ దుకాణం తరాజు మీద రెండూ పెట్టాం. వాళ్లది 1,010 గ్రాములు. మాది 1,610. ఆరు వందల గ్రాముల పెట్రోలంటే లీటరులో ఎనిమిది పదో వంతులు. నాలుగు లీటర్లలో మిగతాది ఏమైందని అడిగాను. తడి డబ్బాతో రోజుల తరబడి మండించిందంతా వృథాయేనని, మూతి దగ్గర రోడ్డు మీద కారింది వేరని ఖాజా భాయ్ చెప్పాడు. ఆ లెక్కతో చాలావరకు కలుస్తుంది. చివరి అర లీటరుకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఆకుపచ్చ పుస్తకం మొదటి పేజీ తిప్పాను. 15.2 అన్నది టక్ దగ్గర ఆపిన రోజుల లెక్క. అది ఇంకా కచ్చితంగా రావాలని ఎనిమిది నెలల కిందట పద్ధతి మార్చింది నేను. మైలేజీ తగ్గింది. తగ్గిందని ఇంకా జాగ్రత్తగా అంచుదాకా పోయించాను. ఇంకా తగ్గింది. ఊపించడం అప్పుడే మొదలైంది.

పాత సామాను డబ్బా మూడు వందలకు కొని ఖాజా భాయ్ బిగించాడు. పని కూలి నాలుగు వందలు. తీసిన సామాను ఏదైనా గుడ్డలో కట్టి యజమాని చేతికివ్వడం ఆ షెడ్డులో నియమం, పనికిరానిదైనా సరే. మూట కట్టి ఇస్తూ అన్నాడు: “ఇది ఇంటికి తీస్కపోండ్రి సాబ్. ఎవలెవలికి సూపియ్యాల్నో సూపియ్యుండ్రి.”

సాయిలు చేతులు కడుక్కుంటున్నాడు. ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. “తప్పు నాది సాయిలూ” అన్నాను.

“గట్లనే ఉన్నది సారూ” అన్నాడు సబ్బు నురగ వదిలించుకుంటూ.

తిరుగుదారి

శుక్రవారం పొద్దున లచ్చమ్మక్కకు సంగతంతా సాయిలే చెప్పాడు. ఆమె పాలు కాస్తోంది. గిన్నె నాకు చూపించింది, పైన నాలుగు వేళ్ల వెలితి ఉంది. “గింత లెక్క దెలిసినోనివి, పాలగిన్నె యేనాడన్న జూడలేదా తమ్మీ? అంచుదాక పోసి పొయ్యి మీద ఎవలన్న పెడ్తరా?” అంది. ఇద్దరికీ చెరో గ్లాసు పాలిచ్చింది. నా గ్లాసులో కొసరు పొయ్యలేదు. “నీకు కొసరు అచ్చిరాదు” అంది. సాయిలు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

పహాడీషరీఫ్ దాటాక బంకులో ఆగాం. సాయిలు దిగి, అలవాటుగా తొట్టి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. టక్ అంది. మీటరు మీద 2.87. బంకు అమ్మాయి మూడు లీటర్లు చెయ్యాలా అని అడిగింది. చాలన్నాను. సాయిలు చెయ్యి తీశాడు. 2.87కు మైలేజీ కట్టొచ్చు, కానీ అది ఏ మట్టం నుంచి ఏ మట్టానికో నాకు తెలియదు. పుస్తకంలో లీటర్లు రాసి పక్క గడి వదిలేశాను.

కడ్తాల్ వచ్చింది, పోయింది. లైటు రాలేదు. ఆమన్‌గల్ దగ్గర సాయిలు మాట్లాడాడు.

“మీరు లెక్క సదివిన దినం మీ బామ్మర్ది నా దిక్కు జూసిండు సారూ. ఆయన జూసుడు నాకేం అనిపియ్యలే. మీరు జూడలే. మీరు పుస్తకం దిక్కు జూసిన్రు.”

అప్పుడు నేను చూసింది పుస్తకం వైపేనన్నది నిజం.

దుకాణంలో నర్సింహ ఒక్కడే ఉన్నాడు. గల్లాపెట్టె మీద రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి పెట్టాను. గుడ్డ విప్పి డబ్బా పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, సాయిలు వినేలా. పదకొండు వరుసల సంగతి కూడా చెప్పాను.

నర్సింహ డబ్బాను చేత్తో తూచి చూశాడు. “అయితె నీ లెక్క తప్పా బావా?”

“లెక్క తప్పు గాదు. పోయించుడు తప్పు. పోయించింది నేను” అన్నాను.

అతను సాయిలు వైపు చూసి ఏదో అనబోయి, చాయ్ తాగుదువు కూర్చోమన్నాడు. సాయిలు కూర్చోలేదు. తాళంచెవి మేకుకు తగిలించి, తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. తప్పు తనదైతే తాళంచెవి తగిలించి వెళ్తానన్నాడు. తప్పు తనది కాకపోతే ఏం చేస్తాడో చెప్పలేదు. అడగడం నాకు తోచలేదు.

ఆ రాత్రి పదకొండు గడుల్లోనూ ఆయన పేరు కొట్టేసి నా పేరు రాశాను. ప్రశ్నార్థకం పెట్టలేదు.

శనివారం పొద్దున ఆరింటికి ముందే దుకాణం తీశాను. ఆరైంది. తాళంచెవి మేకుకే ఉంది. ఆరూ ఐదు. ఆరూ పది. ఆరుంబావుకు సాయిలు వచ్చాడు. మేకు మీంచి తాళంచెవి తీసుకుని, బండెక్కి, స్టార్ట్ చేసి మీటరు చూసుకున్నాడు.

“లైట్ లేదు సారూ” అన్నాడు అద్దం దించి.

తొమ్మిదేళ్లలో ఆయన ఆరు దాటి రావడం అదే మొదటిసారి. ఆ పావుగంట ఎందుకైందో నేను అడగలేదు. దానికి ఏ పుస్తకంలోనూ గడి గీయలేదు.